ఆత్మన్యూనత ఆ పిల్లదేనా?

"ఈ పిల్లకి ఆత్మవిశ్వాసం తక్కువండీ. కొంచెం కౌన్సెలింగ్ ఇప్పించండి."

జూనియర్ కాలేజీల నుంచి మా కేంద్రానికి వచ్చే ఆడపిల్లల్లో చాలామంది ఈ ఒక్క వాక్యాన్ని వెంటబెట్టుకుని వస్తారు. ఆ మాట అన్నది తండ్రి కావచ్చు, వైస్ ప్రిన్సిపాల్ కావచ్చు, హాస్టల్ వార్డెన్ కావచ్చు. జ్వరం వచ్చిన పిల్లని ఆసుపత్రిలో దించినట్టు దించి, ఎన్నాళ్లలో తగ్గుతుందని అడుగుతారు. సంక్రాంతి సెలవుల్లోగా అయిపోతే మంచిదని ఒకరంటారు. పబ్లిక్ పరీక్షల లోపల అయితే చాలని ఇంకొకరంటారు. ఆత్మవిశ్వాసం ఎందుకు తక్కువైందని మాత్రం ఎవరూ అడగరు. ఆ పిల్లలో ఏదో తయారీ లోపం ఉన్నట్టూ, మేం దాన్ని బాగుచేసి పంపే మెకానిక్కులమైనట్టూ మాట్లాడతారు.

ఈ వ్యాసం ఆ వాక్యం మీద తగాదా. దానితోపాటు మన సంఘాల్లో కొందరు మిత్రులతోనూ, కొంత నాతో నాకూ ఉన్న తగాదా.

గత ఏడాది వచ్చిన ఒక పిల్ల సంగతి చెబుతాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. రాసింది ఆమెకి చదవమని ఇచ్చి, సరేనన్నాకే అచ్చుకు పంపుతున్నాను. రెండు వాక్యాలు కొట్టేసింది. అవి ఇక్కడ లేవు.

పదహారేళ్లు. ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. ఊరికి దూరంగా రెసిడెన్షియల్ కాలేజీలో చేర్పించారు. మొదట మంచి బ్యాచ్‌లో వేశారు. దసరా తర్వాత వీకెండ్ టెస్టుల్లో మార్కులు తగ్గాయని కింది బ్యాచ్‌కి దించారు. దించినట్టు అందరికీ తెలియడానికి మెస్ తలుపు మీద జాబితా అతికించారు. అన్నానికి వెళ్లిన ప్రతిసారీ తన పేరు చూసుకుని లోపలికి వెళ్లాలి. కొన్నాళ్లకి అన్నానికి వెళ్లడం మానేసింది. అప్పుడు కాలేజీ వాళ్లకి ఆత్మవిశ్వాసం గుర్తొచ్చింది.

నాలుగు వారాలు కుర్చీ అంచు మీద కూర్చుంది, బ్యాగు ఒళ్లో పెట్టుకుని. "ఏమో మేడం." "బానే ఉంది మేడం." "సారీ మేడం." ఈ మూడే. మంచినీళ్లు తాగమ్మా అంటే సారీ చెప్పి తాగేది. ఇలాంటి మౌనం ముందు కౌన్సిలర్లకి కంగారు పుడుతుంది. బొమ్మలు గీయించాలనిపిస్తుంది, ప్రశ్నాపత్రం ఇవ్వాలనిపిస్తుంది, మనమే మాట్లాడి గంట నింపెయ్యాలనిపిస్తుంది. నేనూ ఆ పనులన్నీ చేశాను. ఏదీ పనిచెయ్యలేదు.

అయిదో వారం తనే అడిగింది. "ఆటోకి అరవై అయింది మేడం. మీకెంత?"

ఏమీ తీసుకోమన్నాను.

"అట్లా ఎట్లా మేడం? ఎంతో కొంత రాసుకోవాలి కదా."

రాసుకోవడం ఏమిటని అడిగితే బ్యాగులోంచి రఫ్ నోట్సు తీసింది. వెనక పేజీల్లో స్కేలు పెట్టి గడులు గీసి ఉన్నాయి. పైన "నా బాకీ" అని రాసుంది. కాలేజీ ఫీజు. హాస్టల్ ఫీజు. రెండు జతల యూనిఫాం. నాన్న తెచ్చిన అప్పుకి నూటికి రెండు రూపాయల వడ్డీ, నెల నెలా. కళ్లజోడు. ప్రతి నెలా ఒక ప్యాడ్ల ప్యాకెట్టు. తనని చూడటానికి అమ్మ వచ్చినప్పటి బస్సు ఛార్జీ, రానూ పోనూ. అమ్మిన అరెకరం. పక్కన "తీర్చింది" అని ఇంకో గడి. అందులో ఏమీ లేదు.

తమ్ముడు ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడి. వాడిది కూడా ఇట్లా రాస్తావా అని అడిగాను.

"వాడిదెందుకు మేడం? వాడు ఇంట్లోవాడు కదా."

ఇది రోగలక్షణమా? ఆలోచించండి. మన భాషలోనే ఉంది గదా, ఆడపిల్ల అంటే 'ఆడ' పిల్లే గానీ 'ఈడ' పిల్ల కాదని. పెళ్లిళ్లలో, పేరంటాల్లో నవ్వుతూ అనే మాట. ఆ పిల్ల దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. లెక్కగా తీసుకుంది. పుట్టినప్పటినుంచి ఇంట్లో విన్న ప్రతి మాటా కూడి, కింద గీత గీసి, మొత్తం వేసింది. ఆమె లెక్కలో తప్పు లేదు. లెక్క నేర్పిన వాళ్లది తప్పు.

మనస్తత్వ శాస్త్రంలో ఈ మాటకో చరిత్ర ఉంది. 1890లో విలియం జేమ్స్ ఒక భిన్నం రాశాడు: మనిషికి తన మీద తనకున్న విలువ అంటే, సాధించిన దాన్ని ఆశించిన దానితో భాగించగా వచ్చేది. 1965లో మోరిస్ రోజెన్‌బర్గ్ న్యూయార్క్ రాష్ట్రంలో హైస్కూలు పిల్లల్ని అయిదువేల మందికి పైగా అధ్యయనం చేసి, పది వాక్యాల కొలబద్ద తయారుచేశాడు. ఇవాళ్టికీ ప్రపంచమంతా దానితోనే కొలుస్తోంది. మన చేతుల్లో ఉన్న ఫారాలూ చాలావరకు దాని పిల్లలే. రోజెన్‌బర్గ్ తన పుస్తకానికి పెట్టిన పేరు సమాజం గురించీ, కౌమార దశలో పిల్లలకి తమ మీద తమకుండే బొమ్మ గురించీ. మనవాళ్లు కొలబద్ద తెచ్చుకుని, పేరులోని సమాజాన్ని అక్కడే వదిలేశారు.

జేమ్స్ భిన్నాన్నే తీసుకోండి. మా పిల్ల విషయంలో కింద ఉన్న 'ఆశించినది' ఎవరు ఆశించారు? ర్యాంకు కావాలన్నది నాన్న. ఫ్లెక్సీ మీద ఫొటోలు కావాలన్నది కాలేజీ. నల్లగా ఉన్నావు, చదువన్నా లేకపోతే కట్నం ఎకడ తేవాలన్నది అమ్మమ్మ. హారం అంతా బయటివాళ్లు రాసి, జవాబు సున్నాకి దగ్గరగా వచ్చిందని పిల్లని డాక్టరు దగ్గరికి పంపిస్తున్నారు.

తెలుగులో ఇంకో విచిత్రం ఉంది. 'ఆత్మగౌరవం' అన్న మాట మనకి కొత్త కాదు. 1982లో ఒక పార్టీ ఆ మాట మీద పుట్టి, మరుసటేడు అధికారంలోకి వచ్చింది. తెలంగాణ ఉద్యమం ఆ మాట మీద నడిచింది. దళితులు ఆత్మగౌరవం కోసం పోరాడారు, ఇంకా పోరాడుతూనే ఉన్నారు. ఒక ప్రాంతానికి, ఒక కులానికి ఆత్మగౌరవం దెబ్బతింటే దెబ్బకొట్టింది ఎవరని అడుగుతాం. పదహారేళ్ల ఆడపిల్లకి దెబ్బతింటే మాత్రం 'ఆత్మన్యూనతాభావం' అని పేరు మార్చి, నీలో ఏం లోపముందమ్మా అని ఆమెనే అడుగుతాం. ఇంటి పరువంతా ఆమె ఒంటిమీదే మోస్తుంది. ఆమె వంతు పరువు మాత్రం సున్నా.

ఇక్కడే వ్యక్తిత్వ వికాసం వాళ్లు దిగుతారు. ఏడాదికి రెండుసార్లు కాలేజీ ఆడిటోరియంలో కోటు వేసుకున్న పెద్దమనిషి మైకు పట్టుకుని, అద్దం ముందు నిలబడి నేను గొప్పదాన్ని అనుకో, నువ్వు తలచుకుంటే ఏదైనా సాధిస్తావు అంటాడు. ఇది మందు కాదు, తిట్టు. ఏదైనా సాధించగలవు అంటే, సాధించలేకపోతే తప్పు నీదే అని అర్థం. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మార్కుల్లో బోలెడు తప్పులు దొర్లాయి. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తప్పు మూల్యాంకనంలో జరిగితే, తాము పనికిరామని పిల్లలు నమ్మేశారు. ఎందుకు నమ్మారు? అంతకుముందు పన్నెండేళ్లు వాళ్లకి నేర్పిన పాఠం అదొక్కటే కాబట్టి.

సరే, ఇదంతా మన మిత్రులకి నచ్చే మాట. నచ్చని మాట ఇప్పుడు చెబుతాను.

మన సంఘాల్లో థెరపీ అంటే ఒక చిన్నచూపు ఉంది. సమస్య సమాజానిది కదా, వ్యక్తిని కూర్చోబెట్టి మాట్లాడితే ఏమొస్తుంది అంటారు. పితృస్వామ్యానికి మందుబిళ్ల లేదంటారు. 1992లో గ్లోరియా స్టైనెమ్ ఆత్మగౌరవం మీద పుస్తకం రాసినప్పుడు అమెరికాలో సాటి స్త్రీవాదులే ఆమెని ఇలాగే తప్పుపట్టారు. ఉద్యమాన్ని వదిలి లోపలికి తిరిగిందన్నారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. కానీ అయిదో వారం ఆ నోట్సు నా ముందు తెరిచిన పిల్లకి, ఇది వ్యవస్థ సమస్యమ్మా, ఎనిమిదో తారీకు ర్యాలీకి రా అని చెప్పి పంపగలమా? ఆమె అప్పటికి మూడు వారాలుగా రాత్రిపూట నిద్రపోవడం లేదు. ఉపన్యాసం విని ఎవరికీ నిద్ర పట్టదు.

మనమసలు ఈ పనికి కొత్తవాళ్లం కూడా కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. అక్షరాస్యతా కేంద్రంలో కూర్చుని, వాచకంలో తమలాంటి ఒక స్త్రీ కథ చదివి, నా ఇంట్లోనూ ఇదేనని ఒకరి తర్వాత ఒకరు నోరు తెరిచారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలు 'మనకు తెలియని మన చరిత్ర'గా వచ్చాయంటే, ఆ ముసలమ్మల ఎదుట తొందరపడకుండా కూర్చుని విన్నవాళ్లు ఉన్నారు కాబట్టే. వినడం మన పాత విద్య. దానికి తెల్లకోటు తొడిగేసరికి మనది కాదనుకుంటున్నాం.

ఆ పిల్ల విషయంలో థెరపీ ఏం చేసిందో చెబుతాను. నీ ఆలోచన తప్పు, దాన్ని సరిదిద్దుకో అనే పద్ధతి ఒకటి ఉంది. ఆలోచన రాయించి, దానికి సాక్ష్యం ఏమిటి, వ్యతిరేక సాక్ష్యం ఏమిటి అని రాయిస్తారు. మంచి పద్ధతే. చాలామందికి పనిచేస్తుంది. కానీ 'నల్లగా ఉన్నానని నన్ను తక్కువగా చూస్తారు' అని పిల్ల రాస్తే వ్యతిరేక సాక్ష్యం ఎక్కణ్నుంచి తెస్తారు? పెళ్లిసంబంధాల ప్రకటనలు ఆమె చదవలేదా? 1975 నుంచి ఈ దేశంలో అమ్ముడుపోతున్న తెల్లబడే క్రీము 2020లో పేరులో ఒక మాట మార్చుకుంది. అంతే. పిల్ల ఊహించుకున్నది కాదది, చూసింది. చూసిన దాన్ని భ్రమ అని చెప్పే థెరపీ ఇంకో అబద్ధం. వాళ్లు అంటున్నది నిజమే, వాళ్లు అన్నంత మాత్రాన నువ్వు అదే కానక్కర్లేదు అని రెండూ ఒకే గంటలో చెప్పగలగాలి. కష్టం. నాకు ప్రతిసారీ చేతకాదు.

ఆ నోట్సులో 'అమ్మిన అరెకరం' దగ్గర ఆగాను. ఎవరిదమ్మా ఆ పొలం అన్నాను. తాతదట. తాతకి వాళ్ల నాన్న నుంచి వచ్చిందట. అప్పుడు కౌన్సెలింగ్ పుస్తకాల్లో లేని పని ఒకటి చేశాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి, దేశమంతటా 2005 నుంచి, హిందూ ఉమ్మడి కుటుంబంలో పిత్రార్జితమైన ఆస్తిలో కొడుకుతోపాటు కూతురికీ పుట్టుకతోనే వాటా ఉందని చెప్పాను. అమ్మిన దాంట్లో నీ వాటా కూడా ఉండి ఉంటుంది, నీ చదువుకి నీ పొలం కూడా ఖర్చయింది అన్నాను. చాలాసేపు ఆ పేజీ చూసింది.

"అయితే సగం కొట్టెయ్యొచ్చా మేడం?"

ఎంత కొట్టెయ్యాలో భాగాలు తేల్చందే చెప్పలేం. అయినా నవ్వాను. తనూ నవ్వింది. కుర్చీలో వెనక్కి జరిగి కూర్చుంది. ఆ తర్వాతే మాటలు వచ్చాయి. మెస్ తలుపు గురించి, అమ్మమ్మ గురించి, స్టడీ అవర్లో బాత్రూంకి వెళ్తానని చెయ్యెత్తితే లెక్చరర్ క్లాసు ముందు అన్న మాట గురించి. ఇది హక్కుల తరగతా, థెరపీయా? ఆ గీత ఎక్కడ గియ్యాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ఇక మేం చేసిన తప్పు.

మరో రెండు వారాలకి ఆ పిల్ల, నేను లేకపోతే ఈ లెక్క ఇక్కడితో ఆగిపోతుంది కదా మేడం అంది. మామూలుగా, ఎవరి సంగతో చెబుతున్నట్టు. అలాంటి మాట విన్నాక ఊరుకోకూడదు. ఊరుకోలేదు. సాయంత్రమే తల్లికి ఫోన్ చేశాం. పిల్లకి చెప్పకుండా చేశాం. పైగా తల్లి ఏడుస్తుంటే, మా పిల్ల మేం ఏం తక్కువ చేశామని అనుకుంటోందో చెప్పండమ్మా అని అడుగుతుంటే, నోట్సు సంగతి కూడా చెప్పేశాం. మర్నాడు తండ్రి హాస్టలుకి వచ్చి ఆ పుస్తకం తీయించి చింపేశాడట, మమ్మల్ని బజారున పెడతావా అని. పిల్ల అయిదు వారాలు మా దగ్గరికి రాలేదు.

ప్రాణానికి ముప్పు ఉందని తల్లికి చెప్పడం మా బాధ్యత. నోట్సు సంగతి చెప్పడం మా నోటిదురద. రెంటికీ మధ్య తేడా తెలియని వాళ్లం పిల్లల్ని మనసు విప్పమని అడుగుతున్నాం.

చెప్పిన దాంట్లో అవసరమైన సగం మేలే చేసింది. తల్లి పిల్లని ప్రభుత్వ పెద్దాసుపత్రి మానసిక విభాగానికి తీసుకెళ్లింది. డాక్టరు డిప్రెషన్ అన్నారు. తన మీద తనకి విలువ లేకపోవడం దానంతటది జబ్బు కాదు. కానీ నిద్ర, ఆకలి, బతకాలన్న కోరిక కూడా దానితోపాటు పోతుంటే అది డిప్రెషన్ లక్షణాల్లో ఒకటి, దానికి వైద్యం ఉంది. సమాజాన్ని తిట్టే ఉత్సాహంలో ఈ సంగతి మనం మరవకూడదు. ఊళ్లో అడిగితే బలం బిళ్లలని చెప్పి ఆ తల్లి మందులు వేసింది, మొగుడికి కూడా అదే చెప్పి. ఆమె గురించి వేరే వ్యాసం రాయాలి.

ఆరో వారం వచ్చింది. ఒక షరతు పెట్టింది. "అమ్మకి ఏం చెప్పాలన్నా ముందు నాకు చెప్పండి." అంతకంటే గొప్ప నియమం ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

చట్టం ఏమంటోందంటే, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, చికిత్స పొందే మనిషి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. పద్దెనిమిదేళ్లు నిండని వాళ్ల తరఫున మాత్రం సంరక్షకుల్నే ప్రతినిధులుగా గుర్తిస్తుంది. అంటే ఏ ఇంట్లో ఆ పిల్ల విలువ పోయిందో ఆ ఇంటికే ఆమె మాటలు చేరే దారి తెరిచే ఉంది. ఇక 2012 నాటి పోక్సో చట్టం కింద, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకి చెప్పితీరాలి. చెప్పకపోతే శిక్ష ఉంది. ఇంట్లో, హాస్టల్లో అఘాయిత్యానికి గురయ్యే పిల్లలకి ఆ నిబంధన రక్షణ. అది ఉండాలి. కానీ పదిహేడేళ్ల పిల్ల తోటి కుర్రాణ్ని ఇష్టపడ్డానని కౌన్సిలర్‌తో చెప్పాలన్నా అదే చట్టం ఆమె నోరు కుట్టేస్తోంది. చెబితే కేసవుతుందేమో, వాడు జైలుకి పోతాడేమో, నాన్నకి తెలుస్తుందేమో. సమ్మతి వయసు మీద వాదన పెద్దది, దాని జోలికి ఇక్కడ పోను. కానీ మొదటి రోజే, మొదటి మాటగా, నువ్వు చెప్పేవాటిలో ఏవి నాలోనే ఉంటాయో, ఏవి ఉంచలేనో పిల్లకి అర్థమయ్యే తెలుగులో చెప్పని కౌన్సిలర్ మోసం చేస్తున్నట్టే లెక్క. మేం ఇప్పుడు చెబుతున్నాం. అది విని ఇద్దరు పిల్లలు లేచి వెళ్లిపోయారు. వాళ్లకి ఆ హక్కు ఉంది.

2025 జులై 25న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో వచ్చిన తీర్పు అది. కేసుని సీబీఐకి అప్పగిస్తూ, చట్టం వచ్చేవరకు విద్యాసంస్థలన్నీ పాటించాల్సిన పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న ప్రతి సంస్థలో శిక్షణ ఉన్న కౌన్సిలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం సాధ్యమైనంతవరకు మానాలంది. టెలీ మానస్ వంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనపడేట్టు పెట్టాలంది. (టెలీ మానస్ 14416. ఇరవై నాలుగ్గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ పత్రిక చదివేవాళ్లు మీ కేంద్రం గోడ మీద రాయించండి.)

ఈ మూడింటిలో కాలేజీలకి నచ్చింది మొదటిది. కౌన్సిలర్‌ని పెట్టడం సులువు, రికార్డులో చూపించొచ్చు. బ్యాచ్‌లు తీసెయ్యడం, మెస్ తలుపు మీద కాయితం చింపెయ్యడం వ్యాపారానికి దెబ్బ. 'సాధ్యమైనంతవరకు' అన్న మాట ఉంది గదా, అక్కడ తలదాచుకుంటున్నారు. ఒక చేత్తో పిల్లని కిందికి తోస్తూ, ఇంకో చేత్తో కౌన్సిలర్‌కి ఫోన్ చేస్తారన్నమాట. ఆ జీతానికి మనవాళ్లే వెళ్తారు. సోషల్ వర్క్ చదివిన మన పిల్లలే, మన దగ్గర శిక్షణ తీసుకున్నవాళ్లే వెళ్తారు. వెళ్లొద్దని అనను. వెళ్లేటప్పుడు నియామక పత్రంలో ఏమడుగుతున్నారో చదవండి. పిల్ల ఏం చెప్పిందో యాజమాన్యానికి ప్రతివారం నివేదిక ఇవ్వాలని ఉంటే అది కౌన్సెలింగ్ కాదు, వేగు పని. బ్యాచ్‌ల జాబితా గోడ మీద ఉన్నంతకాలం నేను పిల్లల్ని చూస్తాను, మీకు మాత్రం సంతకం పెట్టను అనగలగాలి. ఒక్కరంటే తీసేస్తారు. జిల్లాలో ఉన్న పదిమందీ కలిసి అంటే ఆలోచిస్తారు.

మా పిల్ల చదివే కాలేజీ నుంచి మొన్న ఒకాయన ఫైలు పట్టుకుని వచ్చాడు. మా కేంద్రం వాళ్ల విద్యార్థులకి కౌన్సెలింగ్ సేవలు అందిస్తోందని లెటర్‌హెడ్ మీద ధ్రువపత్రం కావాలట, తనిఖీలో చూపించడానికి. మెస్ తలుపు మీద జాబితా తీసేశారా అని అడిగాను. ఇప్పుడు తలుపు మీద లేదు మేడం, నోటీసు బోర్డులోకి మార్చాం అన్నాడు.

ధ్రువపత్రం ఇవ్వలేదు. మళ్లీ సోమవారం వస్తానన్నాడు. ఈసారి మా కమిటీ వాళ్లందర్నీ ఉండమన్నాను. ఆ పిల్లని కూడా అడిగాం, నువ్వు ఉంటావా అని. ఆలోచించి చెబుతానంది.